ఏడు రోడ్ల కాడ ఎక్కే ముల్లు, ఎర్రగుంట్ల రోడ్డులో ఎందుకు దిగుతోంది?

ప్రశ్న: అన్నా, మాది కడప. రెండేళ్ల కింద సెకండ్‌హ్యాండ్‌లో చిన్న పెట్రోల్ కారు తీసుకున్నా. 2013 మోడల్, లక్షా పది వేల కి.మీ. తిరిగింది. రోజూ ఎర్రగుంట్ల దగ్గర నాపరాయి పాలిష్ యూనిట్‌కు పోయి వస్తా. రోడ్డు మీద పోతున్నంతసేపూ టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటుంది. సాయంత్రం ఊళ్లోకొచ్చి ఏడు రోడ్ల కాడో, కోటిరెడ్డి సర్కిల్ కాడో ఇరుక్కుంటే పది నిమిషాల్లో పైకి ఎక్కుతుంది. అప్పుడే ఏసీ కూడా వేడిగాలి కొడుతుంది. బండి కదిలితే రెండూ సర్దుకుంటాయి. వారానికి అర లీటరు దాకా నీళ్లు తగ్గుతాయి, ఇంట్లో బోరు నీళ్లే పోస్తా. ఒక మెకానిక్ థర్మోస్టాట్ పీకేద్దామన్నాడు. ఇంకొకాయన హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజిన్ విప్పాలన్నాడు. మా నాయనేమో 'నీళ్లు పోసుకుంటా నడుపుకో, ఏం కాదు' అంటాడు. వచ్చే నెల రాయచోటిలో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్. పిల్లలతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలి. ఈ బండితో ఎక్కొచ్చా? - ఒక పాఠకుడు, కడప

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మెకానిక్‌లు చెప్పిన మాటల కంటే, నువ్వు ఊరికే రాసిన ఒక ముక్క నాకు ఎక్కువ పనికొచ్చింది. ముల్లు ఎక్కే వేళకే ఏసీ కూడా వేడిగాలి కొడుతుంది, కదిలితే రెండూ సర్దుకుంటాయి అన్నావు చూడు, అది. ఏసీది వేరే రోగం అనుకొని ఉంటావు. కాదు, రెండూ ఒకే చోట నుంచి వస్తున్నాయి.

బంపర్ వెనక ముందుగా ఏసీ కండెన్సర్ ఉంటుంది, దాన్ని ఆనుకొని ఇంజిన్ రేడియేటర్ ఉంటుంది. కండెన్సర్ ఏసీ గ్యాసు వేడిని వదిలిస్తుంది, రేడియేటర్ ఇంజిన్ నీళ్ల వేడిని వదిలిస్తుంది. రెండింటికీ కావాల్సింది గాలే. ఎర్రగుంట్ల రోడ్డులో 60, 70లో పోతుంటే ఆ గాలి ఎదురొచ్చి తగులుతుంది, ఫ్యాన్ తిరిగినా తిరగకపోయినా తేడా తెలియదు. ఏడు రోడ్ల కాడ నిలబడితే ఆ గాలిని ఫ్యానే లాగి తేవాలి. నడుస్తున్నంతసేపు రెండూ బాగుండి, నిలబడితే రెండూ కలిసి చెడుతున్నాయంటే ఫ్యాన్ తిరగడం లేదు, లేకుంటే తిరిగినా చాలినంత గాలి రావడం లేదు. హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజిన్ బ్లాకుకూ, దాని మీది హెడ్‌కూ మధ్య బిగించే సీలు. అది పోయిన బండి ముందుగా హైవే మీద, ఎక్కుడులో, ఇంజిన్ బరువు లాగేటప్పుడు బయటపడుతుంది. నీది దానికి ఎదురుగా ఉంది.

ఒక్కటి మాత్రం గమనించు. కొన్ని కార్లలో ఇంజిన్ మరీ వేడెక్కితే కంప్యూటరే ఏసీ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. అందుకని ఏది ముందు చెడుతోందో చూడు. ముల్లు ఇంకా మధ్యలో ఉండగానే ఏసీ చల్లదనం తప్పిపోయి, ఆ తర్వాత ముల్లు కదలడం మొదలైతే నా అనుమానం ఫ్యాన్ మీదే. ముల్లు పైకి పోయాకనే ఏసీ ఆగుతుంటే మిగతావి కూడా వెతకాలి. అవీ కిందనే చెప్తాను.

రేపు పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, ఇంటి ముందరే మొదలుపెట్టు. రాత్రంతా నిలబడిన బండి మీద తప్ప రేడియేటర్ మూత మీద చెయ్యి వేయొద్దు. నా కుడి ముంజేతి మీద అరచేతి వెడల్పు మచ్చ ఉంది. షెడ్‌లో చేరిన రెండో ఏడు, గుడ్డ చుట్టి మెల్లగా తిప్పితే ఏం కాదనుకొని వేడి బండి మూత తిప్పాను. లోపలి నీళ్లు నూరు డిగ్రీలు దాటి కూడా ఒత్తిడి వల్ల మరగకుండా ఉంటాయి. మూత వదులైన క్షణం ఆ ఒత్తిడి పోతుంది, మరిగే నీళ్లు, ఆవిరి కలిసి ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. గుడ్డ అడ్డం రాదు. రేడియేటర్ పై హోస్ పైపును పిసికితే మెత్తగా ఉండాలి, పట్టుకుంటే చల్లగా ఉండాలి. అప్పుడే మూత తియ్యి.

తీశాక నీళ్లు మెడ దాకా ఉన్నాయో లేదో చూడు. సన్న గొట్టంతో రేడియేటర్‌కు కలిపిన తెల్ల డబ్బాలో నీళ్లు ఉన్నంత మాత్రాన రేడియేటర్ నిండుగా ఉన్నట్టు కాదు. వేడెక్కినప్పుడు నీళ్లు ఉబ్బి డబ్బాలోకి పోతాయి, చల్లారినప్పుడు మూతలోని చిన్న వాల్వ్ గుండా వెనక్కి రావాలి. ఆ వాల్వ్ రబ్బరు ఎండిపోయినా, సన్న గొట్టం పగిలినా డబ్బా నిండుగా, రేడియేటర్ వెలితిగా కనిపిస్తుంది. నువ్వు పోస్తున్నది డబ్బాలోనే అయితే ఇది తప్పకుండా చూడాలి.

నీళ్ల రంగు కూడా చూడు. రెండేళ్లుగా బోరు నీళ్లు పోస్తున్నానన్నావు కాబట్టి టీ రంగులోనో ఇటుక రంగులోనో ఉంటుందని నా అంచనా.

మూత బిగించి, బండి స్టార్ట్ చేసి, ఏసీ వెయ్యి. బోనెట్ ఎత్తి ఫ్యాన్ చూడు. ఏసీ వేసిన నిమిషంలోపల ఫ్యాన్ తిరగాలి. రెండు ఫ్యాన్లున్న బండి అయితే చాలా మోడళ్లలో రెండూ తిరుగుతాయి. చేతులు, తువ్వాలు, వదులు చొక్కా దూరంగా పెట్టుకో. ఇంజిన్ ఆపేసిన తర్వాత కూడా ఈ ఫ్యాన్ తనంతట తానే తిరగొచ్చు, చెప్పి తిరగదు.

తిరిగితే అంతటితో వదిలేయొద్దు. చాలామంది ఇక్కడే మోసపోతారు. 'ఫ్యాన్ తిరుగుతోంది, ఫ్యాన్ బాగుంది' అని రేడియేటర్ మీద పడతారు. నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, బండి ముందరి జాలీకి ఆనించి వదులు. ఫ్యాన్ బాగా లాగుతుంటే కాగితం అతుక్కొని నిలబడుతుంది. జారి పడిపోతే గాలి చాలడం లేదు. కాగితం ఎగిరి నీ మొహం మీదకి వస్తే ఫ్యాన్ తిరగబడి తిరుగుతోంది.

తిరగబడి తిరగడమేంటి అనుకోవద్దు. చాలా ఏళ్ల కింద నా దగ్గరికి ఒక బండి వచ్చింది, అచ్చం నీ ఫిర్యాదే. అప్పటికే ఇంకో చోట రేడియేటర్ మార్చారు, థర్మోస్టాట్ మార్చారు, వాటర్ పంప్ మార్చారు. నేను కూడా ఒక రోజంతా దాని చుట్టూ తిరిగాను. సాయంత్రం బండి ముందు కూర్చొని బీడీ ముట్టించుకున్నాను. పొగ జాలీలోకి పోవాల్సింది, నా మొహం మీదకే వచ్చింది. ఎప్పుడో ఫ్యాన్ మోటార్ మార్చినప్పుడు ప్లస్సు, మైనస్సు వైర్లు అటుదిటు కలిపారు. మోటార్ ఉల్టా తిరుగుతూ ఇంజిన్ వేడిగాలిని ముందుకు తోస్తోంది. నడిచేటప్పుడు ఎదురుగాలికి, ఫ్యాన్ గాలికి గుద్దులాట. రెండు వైర్లు మార్చి కలిపితే ముల్లు కదలలేదు. అప్పటినుంచి కాగితం పెట్టకుండా నేను ఏ రేడియేటరూ విప్పలేదు. బీడీ కూడా మానేశాను, అది వేరే సంగతి. నీది సెకండ్‌హ్యాండ్ బండి, ముందాయన ఏమేం మార్చాడో నీకు తెలియదు. అందుకే ఇది ఇంత వివరంగా రాస్తున్నా.

ఫ్యాన్ అసలే తిరగకపోతే ఫ్యూజు మొదట చూపించు. ఆ తర్వాత రిలే, అంటే ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్. బోనెట్ కింద డబ్బాలో అదే సైజు, అదే నంబరు ఉన్న ఇంకో రిలే ఏదైనా ఉంటుంది, రెండింటినీ మార్చి పెట్టి చూడొచ్చు. ఫ్యాన్ తిరిగితే రిలే పోయినట్టు, వందల్లో అయ్యే పని. అప్పటికీ తిరగకపోతే ఫ్యాన్ కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) ఊడదీసి, బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడాలి. ఇది ఎలక్ట్రీషియన్ చేతే చేయించు. నేరుగా ఇచ్చినా తిరగకపోతే మోటార్ పోయింది. మూలుగుతూ మెల్లగా తిరిగితే లోపల కార్బన్ బ్రష్‌లు అరిగాయి, అలాంటి మోటార్ పొద్దున చల్లపూట బాగానే తిరిగి, మధ్యాహ్నం వేడికి మొరాయిస్తుంది. గిర్రున తిరిగితే మోటార్ మంచిదే, దాన్ని తిప్పమని చెప్పేది ఏదో చెడింది. టెంపరేచర్ సెన్సర్, దాని కప్లర్‌లో తుప్పు, తెగిన వైరు, లేదంటే ఎర్త్. ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ కప్లర్ ఊడదీస్తే చాలా బండ్లలో కంప్యూటర్ భయపడి ఫ్యాన్‌ను వెంటనే తిప్పేస్తుంది. అలా తిరిగితే వైరింగు, రిలే, మోటార్ బాగున్నాయని ఒక్క దెబ్బకు తేలిపోతుంది.

రెండు స్పీడుల ఫ్యాన్ అయితే ఇంకో సంగతుంది. తక్కువ స్పీడు ఒక రెసిస్టర్ గుండా నడుస్తుంది, అది కాలిపోతే తక్కువ స్పీడు పోయి ఎక్కువ స్పీడు మాత్రమే మిగులుతుంది. అప్పుడు ఫ్యాన్ ఆలస్యంగా, ఇంజిన్ బాగా వేడెక్కాక ఒక్కసారి బుర్రుమని మొదలవుతుంది. నీ బండి సిగ్నల్ దగ్గర ఉన్నట్టుండి విమానం మాదిరి అరుస్తుంటే ఇది అడుగు.

ఏసీ ఆపి, న్యూట్రల్‌లో వదిలేసి కూడా ఒకసారి చూడు. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వే థర్మోస్టాట్, చాలా చిన్న కార్లలో అది 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. ఫ్యాన్ 95 దాటి ఎక్కడో మొదలవుతుంది. కాసేపు తిరిగి, నీళ్లు చల్లబడ్డాక ఆగి, మళ్లీ తిరగాలి. ఆగకుండా తిరుగుతూనే ఉండి ముల్లు కూడా ఎక్కుతుంటే, ఫ్యాన్ తన పని చేస్తోంది, గాలికి దారి లేదు.

ఆ దారి నీ బండిలో మూసుకుపోయి ఉంటుందని నాకు గట్టి అనుమానం. నువ్వు పనిచేసేది నాపరాయి పాలిష్ యూనిట్‌లో, తిరిగేది సిమెంటు లారీలు తిరిగే ఎర్రగుంట్ల రోడ్డులో. ఆ బూడిద రంగు దుమ్ము ఇంటి గడపల మీద ఎట్లా పేరుకుంటుందో నీకు నేను చెప్పాలా? అదే దుమ్ము కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య వేలు కూడా దూరని సందులోకి పోయి కూర్చుంటుంది. దాని మీద వాన తుంపర, రోడ్డు మీది బురద పడితే గట్టిపడి అట్టకడుతుంది. ముందర నుంచి టార్చి వేసి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది. దాని వెనక రేడియేటర్ మొహం కనిపించదు. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ చూడరు. ఇట్లాంటి బండ్ల సందులోంచి నేను దుమ్ము, పురుగులు, పత్తి పీచు, ఒకసారి మూడు వేపాకు రెమ్మలు కూడా తీశాను.

బంపర్ ఊడదీసి, రెండింటి మధ్య సందు తెరిచి కడిగించు. కడిగేది ఇంజిన్ వైపు నుంచి ముందుకు. దుమ్ము వచ్చిన దారినే వెనక్కి పోవాలి. మామూలు కొళాయి పైపు చాలు. సర్వీసింగ్ కాడ బండి కింద మట్టి కొట్టే జెట్ గన్ దగ్గరగా పెడితే రేడియేటర్ రెక్కలు పేక ముక్కల మాదిరి ఒక పక్కకు పడిపోతాయి, ఆ తర్వాత గాలి ఎప్పటికీ దూరదు. గట్టిపడిన దుమ్మును ముందు నీళ్లతో నానబెట్టి, మెత్తని బ్రష్‌తో పైనుంచి కిందికి తీయమను, అడ్డంగా రుద్దొద్దని చెప్పు. బంపర్ ఊడదీసినప్పుడే ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు పగలకుండా ఉందా, అసలు ఉందా అని చూడు. యాక్సిడెంట్ అయిన బండ్లకు దాన్ని తిరిగి పెట్టరు చాలామంది. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ గుండా గాలి లాగే బదులు పక్కనున్న వేడిగాలినే గిరగిరా తిప్పుతుంది.

ఇక నీళ్ల సంగతి. కోపం తెచ్చుకోవద్దు, బోరు నీళ్లు పోయడం నువ్వు చేసిన పెద్ద తప్పు. మన రాయలసీమ బోరు నీళ్లలో ఎంత సున్నం ఉంటుందో ఇంట్లో గీజర్ కాయిల్ తీసి చూడు, నీళ్లు కాచే గిన్నె అడుగు చూడు. అదే తెల్ల పెచ్చు రేడియేటర్ సన్న గొట్టాల లోపల, ఇంజిన్ నీటి దారుల్లో కడుతుంది. ఆ పెచ్చు వేడిని బయటికి పోనివ్వదు. బావి నీళ్లయినా, మునిసిపాలిటీ నీళ్లయినా అంతే. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్, అందులో సగానికి సగం కూలెంట్.

'మనకు మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు' అని ఇక్కడ చాలామంది అడుగుతారు. మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. సగం కూలెంట్ కలిపితే ఆ హద్దు 106, 107 దాకా పోతుంది. రేడియేటర్ మూత ఒక బార్ దాకా ఒత్తిడి నిలిపితే 125 డిగ్రీలు దాటినా మరగదు. మే నెలలో బయట 43, 44 డిగ్రీలున్నప్పుడు, ఏసీ కండెన్సర్ మీదుగా వచ్చేసరికి ఆ గాలి 50 దాటి రేడియేటర్‌కు తగులుతుంది. ఆ ఎండలో మనకు పనికొచ్చేది ఆ పాతిక డిగ్రీల ఎడమే. నువ్వు వారం వారం నీళ్లు పోస్తూ కూలెంట్‌ను పలచన చేసి ఆ ఎడం తగ్గించావు. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కాపాడే మందులు కూడా ఉంటాయి, అవీ పోయాయి.

వారానికి అర లీటరు ఎక్కడికి పోతోందంటే, ముల్లు ఎక్కిన ప్రతిసారీ నీళ్లు మరిగి డబ్బాలోకి తన్ని, డబ్బా నిండి, సన్న గొట్టం గుండా రోడ్డు మీద పడుతుండాలి. అంటే నీళ్లు తగ్గడం వల్ల వేడెక్కడం కాదు, వేడెక్కడం వల్ల నీళ్లు తగ్గుతున్నాయి. తర్వాత్తర్వాత రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి. మూత స్ప్రింగు సొలసినా ఇట్లాగే జరుగుతుంది. ఆ మూత మీద 0.9 అనో 1.1 అనో నంబరు ఉంటుంది, అదే నంబరుది కొత్తది వేయించు. ఖర్చు తక్కువ, మార్చడానికి నిమిషం పట్టదు, నా మట్టుకు నేను పదేళ్లు దాటిన బండికి అనుమానం లేకపోయినా మార్చేస్తాను.

రాత్రి బండి కింద పాత అట్టముక్క పరిచి పొద్దున మరకలు చూడు. హోస్ క్లిప్పుల దగ్గర తెల్లగానో పచ్చగానో ఎండిన చారలుంటే అక్కడ కారుతోంది. వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడి నుంచి చుక్కలు పడితే పంప్ సీలు పోయినట్టు. బండి నిలబడి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కి రేస్ చేస్తే ముల్లు దిగుతోందా? అప్పుడు పంప్ నీళ్లను సరిగా తిప్పడం లేదనో, నీళ్లే తక్కువున్నాయనో అనుమానించాలి. బెల్టు వదులేమో కూడా అప్పుడే చూపించు.

థర్మోస్టాట్ పీకేయమన్నాడు కదా, వద్దు. 'మన ఎండలకు అదెందుకు' అనే మాట నా గురువు కూడా అనేవాడు, లారీల కాలంలో. ఇప్పటి ఇంజిన్ 85, 90 డిగ్రీల దగ్గర పనిచేయడానికి కట్టింది. థర్మోస్టాట్ లేకపోతే హైవే మీద ఎప్పుడూ చల్లగా ఉండిపోతుంది, కంప్యూటర్ ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకొని పెట్రోలు ఎక్కువ కొడుతుంది, మైలేజీ పడిపోతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. అంతకంటే ముఖ్యం, కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వ్ తెరుచుకునేటప్పుడు ఇంకో అడ్డదారిని మూస్తుంది. అది లేకపోతే సగం నీళ్లు రేడియేటర్‌కే పోకుండా ఆ అడ్డదారిలో చుట్టు తిరుగుతాయి. వేడి తగ్గడానికి పీకితే వేడి పెరుగుతుంది. అనుమానముంటే ఊడదీసి, దాన్ని గిన్నెలో నీళ్లలో వేలాడదీసి స్టవ్ మీద పెట్టు. నీళ్లు మరిగేలోపల నోరు తెరవాలి. తెరవకపోతే కొత్తది పెట్టించు. బండి మీదే తెలుసుకోవాలంటే, ముల్లు పైకి ఎక్కాక కూడా పై హోస్ కాలిపోతూ కింది హోస్ చల్లగా ఉంటే వాల్వ్ మూసుకుపోయిందనో, రేడియేటర్ లోపల పూడుకుపోయిందనో అర్థం.

పూడుకుపోయిందని తేలితే, ఇప్పటి చిన్న కార్ల రేడియేటర్లు అల్యూమినియం, పక్కల ప్లాస్టిక్ ట్యాంకులు. పాత ఇత్తడి, రాగి వాటి మాదిరి ట్యాంకు ఊడదీసి సన్న ఊచలు దూర్చి శుభ్రం చేయడం వీటికి కుదరదు. మందు పోసి ఫ్లష్ చేయించి చూడు, అప్పటికీ కాకపోతే కొత్తది వేయడమే. ఫ్లష్ చేసిన నీళ్లు వీధిలో పారబోయనివ్వొద్దు. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, అది విషం. పిల్లలకు అందే చోట డబ్బా పెట్టొద్దు.

హెడ్ గ్యాస్కెట్ అన్నాయన మాటను నేను పూర్తిగా కొట్టేయడం లేదు. రెండేళ్లుగా ఎన్నిసార్లు ముల్లు ఎర్రగీత దాకా పోయిందో నువ్వు రాయలేదు. ఇంజిన్ విప్పకముందే చూసే గుర్తులున్నాయి. చల్లటి బండిని మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయా? స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే, ఇంకా వేడెక్కకముందే, పై హోస్ రాయిలా బిగుస్తోందా? సైలెన్సర్ నుంచి వేడెక్కాక కూడా తెల్లపొగ, తియ్యటి వాసన వస్తోందా? ఆయిల్ మూత లోపల పాలు కలిపిన కాఫీ మాదిరి జిడ్డు ఉందా? ఇవేవీ లేకపోతే గ్యాస్కెట్ మాట పక్కన పెట్టొచ్చు. రూఢి కావాలంటే ఒక నీలిరంగు ద్రవంతో పరీక్ష ఉంది, రేడియేటర్ మెడ మీద గాజు గొట్టం పెట్టి లోపలి గాలిని దాని గుండా లాగుతారు. ఇంజిన్ పొగ నీళ్లలోకి వస్తుంటే నీలం పసుపు అవుతుంది. ఈ పరీక్ష చేయకుండా హెడ్ దించుతానంటే బండి ఇవ్వొద్దు.

మీ నాయన మాట నాకు అర్థమవుతుంది. ఆ కాలం బండ్లలో చాలావాటికి హెడ్‌లు పోత ఇనుపవి, ఘాట్ ఎక్కుతూ ఆవిరి కొడితే పక్కన ఆపి, నీళ్లు పోసుకొని పోయేవాళ్లు, వాటికి అంత తేలిగ్గా ఏమీ అయ్యేది కాదు. ఇప్పటి హెడ్ అల్యూమినియం. ఒక్కసారి గట్టిగా వేడెక్కినా వంకరపోవచ్చు, అప్పుడు దాన్ని దించి ఫేసింగ్ (చదును) చేయించాలి, కొత్త గ్యాస్కెట్ వేయాలి. వందల్లో పోయే రిలే పని వేలల్లోకి పోయేది ఇట్లాగే. ఆయనతో ఈ మాట నెమ్మదిగా చెప్పు.

ఇవన్నీ చేయించేలోపల మళ్లీ సర్కిల్లో ఇరుక్కుంటే, ముల్లు మధ్య దాటగానే ఏసీ ఆపు. అద్దాలు దించి హీటర్ పూర్తిగా తిప్పి, దాని బ్లోయర్ నాలుగులో పెట్టు. కడప ఎండలో హీటరంటే నరకమే, కానీ అదీ ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. అయినా ఎక్కుతుంటే పక్కకు తీసి ఇంజిన్ ఆపు. ఫ్యాన్ తిరిగే స్థితిలో ఉంటే ఇంజిన్ ఆపి తాళం మాత్రం ఆన్‌లో ఉంచు, ఫ్యాన్ తిరగనీ. ముప్పావు గంట ఆగాలి. వేడి ఇంజిన్ మీద, రేడియేటర్ మీద చల్లనీళ్లు పోయొద్దు. హీటర్ వేసినప్పుడు చల్లగాలి వస్తే మాత్రం భయపడాలి, లోపల నీళ్లు లేవని అర్థం. నీళ్లు లేనప్పుడు సెన్సర్ ఆవిరిలో తేలుతుంది, ఒక్కోసారి ముల్లు కిందికి పడిపోతుంది కూడా. అమ్మయ్య, తగ్గింది అనుకొని నడిపి ఇంజిన్ సీజ్ చేసుకున్నవాళ్లను చూశాను.

నీళ్లు దించి కొత్త కూలెంట్ పోసినప్పుడు గాలి బుడగ చిక్కుకోకుండా చూడమను. బండి ముందు చక్రాలు రవ్వంత ఎత్తు మీద పెట్టి, చల్లగా ఉండగానే మూత తీసి, హీటర్ ఆన్ చేసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపాలి, మధ్యమధ్య హోస్ పిసుకుతూ, తగ్గినంత కూలెంట్ పోస్తూ. ఈ పనికి తొందరపడితే రెండు రోజుల్లో మళ్లీ నీ ముల్లు లేస్తుంది, మళ్లీ ఇంకో పార్టు మీద అనుమానం పడుతుంది.

రాయచోటి ప్రయాణం. ఇప్పుడున్నట్టుగా ఉన్న బండితో ఘాట్ ఎక్కొద్దు, బస్సులో పోండి. ఘాట్‌లో బరువు ఎక్కువ, స్పీడు తక్కువ, లారీ వెనక పడితే ఎదురుగాలి కూడా ఉండదు. సర్కిల్లో పది నిమిషాలకు వచ్చేది అక్కడ నాలుగు నిమిషాలకు వస్తుంది, పైగా మలుపులో ఆపడానికి చోటుండదు. నెల టైముంది. ఈ వారం ఫ్యాన్, కాగితం, మూత. వచ్చే వారం బంపర్ తీసి కడగడం, కూలెంట్ మార్చడం. మూడో వారం సాయంత్రం ఆరు గంటలకు, ఏసీ వేసి, కావాలని ఏడు రోడ్ల మీదుగా పో. అరగంట ఇరుక్కున్నా ముల్లు మధ్యలోనే నిలబడితే పిల్లల్ని ఎక్కించుకో. పొద్దున ఏడు లోపల బయల్దేరు, ఎక్కుడులో తక్కువ గేరులో పో, రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ డిక్కీలో పెట్టుకో. కోవా కోసం గువ్వలచెరువులో ఎట్లాగూ ఆగుతారు, ఇంజిన్ ఆపేముందు రెండు నిమిషాలు న్యూట్రల్‌లో ఉంచి, ఫ్యాన్ చప్పుడు ఒకసారి విను.

కాగితం జాలీకి అతుక్కుందో, జారిపోయిందో, ఎగిరొచ్చిందో మాత్రం తప్పకుండా రాయి.